"ఇంతకీ మీకేం పనొచ్చు?": ఆర్మీ నుంచి వచ్చినవాళ్లు రెజ్యూమె రాసుకునే పద్ధతి

24 ఏళ్ల సర్వీసు ముగించుకుని 2022లో ఇంటికొచ్చాను. రెండో నెలలో నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక జెరాక్స్ షాపులో నా మొదటి రెజ్యూమె తయారైంది. కంప్యూటర్ ముందున్న కుర్రాడు "అంకుల్, ఫ్రెషరా, ఎక్స్‌పీరియన్సా?" అని అడిగాడు. ఎక్స్‌పీరియన్సే అన్నాను. తన దగ్గరున్న ఫార్మాట్ ఒకటి తెరిచి నేను చెప్పింది చెప్పినట్టు కొట్టాడు. నాలుగు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో నాన్న పేరు, పుట్టిన తేదీ, మతం, బ్లడ్ గ్రూపు. రెండో పేజీలో ఏ యూనిట్లో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నానో మొత్తం జాబితా. మూడో పేజీ నిండా మెడల్స్. చివర్న, పైన రాసినవన్నీ నిజమని ఒక ప్రమాణం, కింద సంతకం.

దాన్ని ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుని కృష్ణపట్నం దారిలో ఒక కంపెనీకి వెళ్లాను. మెయింటెనెన్స్ మేనేజరు నాలుగు పేజీలూ ఓపిగ్గా తిప్పాడు. కాగితాలు బల్ల మీద పెట్టి, "అంతా బాగుంది సార్. ఇంతకీ మీకేం పనొచ్చు?" అన్నాడు. వెటకారమేమీ లేదు, తెలీక అడిగాడు. "ఈఎంఈలో హవల్దార్‌ని" అన్నాను. ఈఎంఈ అంటే ఆర్మీలో బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం, అది ఆయనకు తెలీదు. హవల్దార్ అంటే పోలీసుల్లో ఏదో చిన్న ర్యాంకు అనుకున్నాడు. సెక్యూరిటీలో ఖాళీ వస్తే చెప్తామన్నాడు.

బస్సులో తిరిగొస్తూ ఆ నాలుగు పేజీలు నేనూ చదివాను. సర్వీసంతా లారీ ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ని. అన్ని పేజీల్లో 'ఇంజిన్' అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

ఆ తర్వాత దాన్ని చాలాసార్లు తిరగరాసుకుని, ఇప్పుడు ఒక రొయ్యల మేత మిల్లులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. మన జిల్లా నుంచీ ఒంగోలు వైపు నుంచీ సర్వీసు అయిపోయిన తమ్ముళ్లు ఆదివారాలు వస్తుంటారు. వాళ్లతో కూర్చుని చేయించే పనినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఆఫీసర్లుగా రిటైరైనవాళ్ల దారి వేరు. ఇది జవాన్లకు, ఎన్‌సీఓలకు (నాయక్, హవల్దార్‌లకు), జేసీఓలకు (సుబేదార్ లాంటివాళ్లకు).

మొదటి మెట్టు: కాగితాలు, యూనిట్లో ఉండగానే

డిశ్చార్జికి ఏడాది ముందే మొదలుపెట్టండి. యూనిట్లో ఉండగా పది నిమిషాల్లో దొరికే సంతకం కోసం, ఇంటికొచ్చాక రికార్డ్ ఆఫీసుకు ఉత్తరాలు రాసి నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది.

డిశ్చార్జి బుక్ ఎటూ వస్తుంది. అది కాక, చేసిన ప్రతి కోర్సు సర్టిఫికెట్, దాని గ్రేడింగుతో సహా, తీసి పెట్టుకోండి. కమెండేషన్ కార్డులుంటే అవి కూడా. డ్రైవర్లకు ఒక ముఖ్యమైన మాట: మిలిటరీ లైసెన్సు చూపిస్తే బయట ఎవరూ స్టీరింగ్ ఇవ్వరు. రవాణా శాఖ ఇచ్చే సివిల్ హెవీ లైసెన్సు చేతికి వచ్చాకే ఊరికి రండి.

డిశ్చార్జికి ముందు చేసే రీసెటిల్‌మెంట్ కోర్సులు ఢిల్లీలోని డీజీఆర్, అంటే డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్, నడుపుతుంది. చాలామంది ఏ కోర్సయితే ఇంటికి దగ్గర అవుతుందో చూసి అది పెట్టుకుంటారు. లీవు కలిసొస్తుందని. నేనూ అదే చేశాను, తర్వాత బాధపడ్డాను. ఫైర్ అండ్ సేఫ్టీ, స్టోర్స్ నిర్వహణ లాంటివి మన ప్రాంతంలో నిజంగా పనికొస్తాయి. కోర్సు ఎంచుకునేటప్పుడు, చివర్లో చేతికొచ్చే సర్టిఫికెట్‌ను ఏ కంపెనీ గేటు దగ్గర చూపించగలరో ఒకసారి అనుకుని చూడండి.

ఊరికొచ్చిన నెలలోపే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి ఉన్నాయి. మాజీ సైనికుల గుర్తింపు కార్డు అక్కడి నుంచే వస్తుంది. ఉద్యోగ ఖాళీల కబుర్లు కూడా ముందు అక్కడికే చేరతాయి.

ఇక గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ సంగతి. మెట్రిక్ పాసై కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లను, డిగ్రీ అడిగే కొన్ని కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టులకు అర్హులుగా తీసుకుంటారు. దానికోసం ఇచ్చే కాగితం అది. మనవాళ్లు దాన్ని రెజ్యూమెలో 'బీఏ' అనో 'డిగ్రీ' అనో రాసేస్తున్నారు. ప్రైవేటు కంపెనీ వెరిఫికేషన్‌లో యూనివర్సిటీ ఏది, హాల్ టికెట్ నంబరెంత అని అడిగితే ఏం చెప్తారు? చదువు దగ్గర నిజంగా చదివిందే రాయండి. ఇంటర్ అయితే ఇంటరే. ఆ సర్టిఫికెట్ గురించి చెప్పాలనుకుంటే దాని పేరు ఉన్నదున్నట్టు వేరే లైన్లో రాయండి.

రెండో మెట్టు: నోటు పుస్తకం

కంప్యూటర్ ముట్టుకోకముందు ఒక లాంగ్ నోటు పుస్తకం కొనండి. ఇంగ్లిషు వద్దు, తెలుగులోనే రాయండి. ఒక్కో పోస్టింగుకు ఒక్కో పేజీ. పేజీ మీద యూనిట్ పేరు రాయాల్సిన అవసరం కూడా లేదు. అక్కడ ఏ వస్తువులు మీ చేతుల మీదుగా పోయాయి, ఎన్ని, ఎంతమంది మీ మాట విన్నారు, ఏ లెక్క మీరు రాశారు, ఏం చెడిపోతే మిమ్మల్ని పిలిచేవాళ్లు... ఇవే.

ఇది ఒక్కరే కూర్చుని రాయడం కష్టం. మనకు రోజూ చేసిన పని పనిలాగే అనిపించదు. అందుకే ఎదుట ఒకరు కూర్చుని అడగాలి. ఉదయగిరి వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు, డ్రైవరు, 17 ఏళ్ల సర్వీసు. అతని రెజ్యూమెలో అనుభవం కింద ఒకే లైను ఉంది: ఇండియన్ ఆర్మీ, డ్రైవర్ ఎంటీ.

"ఏముందన్నా రాసేదానికి? బండి తోలినా, అంతే" అన్నాడు.

"ఏం బండి?"

"స్టాలియన్."

"ఎక్కడ?"

"లేహ్ రోడ్డులో మూడేళ్లు. తర్వాత వేరే చోట ఎంటీ ఎన్‌సీఓగా ఉండినా."

"ఎంటీ ఎన్‌సీఓ అంటే పొద్దున లేచి ఏం చేస్తావు?"

"బండ్లు డ్యూటీకి పంపించేది, డీజిల్ లెక్క రాసేది, సాయంత్రం కార్ డైరీలు చూసేది."

"ఎన్ని బండ్లు?"

"ఇరవై రెండు."

"డ్రైవర్లు?"

"పద్దెనిమిది మంది."

"ఎన్నాళ్లు చూశావు? డీజిల్ లెక్కలో తేడా ఎప్పుడన్నా వచ్చిందా?"

అప్పటిదాకా కుర్చీలో జారి కూర్చున్నవాడు కాస్త సర్దుకున్నాడు. "రెండున్నరేళ్లన్నా. రెండు ఆడిట్లు అయినాయి. ఒక్క లీటరు తేడా రాలే."

"మరి ఇది రాయలేదేం?"

"అది డ్యూటీనే గదన్నా."

ఆ పది నిమిషాల మాటల్లోంచి మూడు లైన్లు తీశాం:

- 22 వాహనాలు, 18 మంది డ్రైవర్ల రోజువారీ డ్యూటీలు రెండున్నరేళ్ల పాటు వేసి, పర్యవేక్షించాను.
- డీజిల్ నిల్వ, వాడకం, కిలోమీటర్ల రికార్డులు రాశాను. రెండు ఆడిట్లలో తేడా రాలేదు.
- ఎత్తైన ప్రాంతంలో కొండదారుల మీద మూడేళ్లు భారీ ట్రక్కు నడిపాను. ఒక్క ప్రమాదమూ లేదు.

ఇవి చదివిన లాజిస్టిక్స్ మేనేజరుకు మిలిటరీ గురించి ఏమీ తెలియక్కర్లేదు. బండ్లు, డ్రైవర్లు, డీజిల్: ఆయన రోజూ పడే తలనొప్పులు కూడా అవే.

అంకెల దగ్గర ఒక జాగ్రత్త. గుర్తు లేకపోతే 'సుమారు' అని రాయండి, గొప్ప కోసం పెంచొద్దు. ఇంటర్వ్యూలో "ఆ 22 బండ్లలో ఏవేవి ఎన్నెన్ని?" అని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగిన అంకె మాత్రమే కాగితం మీద ఉండాలి.

మూడో మెట్టు: యూనిట్ మాటను బయటి మాటలోకి

ఇక్కడే ఎక్కువ టైం పెట్టండి. మనం యూనిట్లో మాట్లాడే భాష వేరే రాష్ట్రం భాషలాంటిది. అందులో సగం హిందీ, పావు ఇంగ్లిషు, మిగతావి పొట్టి అక్షరాలు.

నా విషయమే చెప్తాను. వర్క్‌షాపులో ప్రతి రోజూ 'వీఓఆర్ స్టేట్' అని ఒక లెక్క వెళ్తుంది. అంటే, రోడ్డెక్కలేని స్థితిలో ఉన్న బండ్లెన్ని అని. నా మొదటి రెజ్యూమెలో 'వీఓఆర్ తగ్గించాను' అని రాయాలన్న ఆలోచన కూడా రాలేదు, రాసినా ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ఉన్న లైను ఇది: "36 భారీ వాహనాల మెయింటెనెన్స్ చూశాను, ఏ రోజైనా కనీసం 33 బండ్లు పనికి సిద్ధంగా ఉండేవి." వారానికోసారి జరిగే మెయింటెనెన్స్ పరేడ్ 'ప్రివెంటివ్ మెయింటెనెన్స్ షెడ్యూల్' అయింది. మేత మిల్లులో నన్ను ఇంటర్వ్యూ చేసినాయన ఈ రెండు లైన్ల మీదే అరగంట అడిగాడు. మెడల్స్ ఊసే ఎత్తలేదు.

మామూలుగా వచ్చే కొన్ని పదవులను నేను ఇలా మారుస్తుంటాను:

- కోత్ (ఆయుధాల గది) ఎన్‌సీఓ: విలువైన సామాను భద్రత, రోజూ లెక్కపెట్టి రిజిస్టర్ రాయడం, తాళాల బాధ్యత. ఆయుధాలని ఒక్క మాట అంటే చాలు, రకాలూ సంఖ్యలూ వద్దు.
- సీక్యూఎంహెచ్ (కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్): స్టోర్స్, రేషన్, బట్టల సరఫరా. ఇండెంట్ పెట్టడం నుంచి పంపిణీ దాకా.
- సీహెచ్ఎం (కంపెనీ హవల్దార్ మేజర్): సుమారు ఇంతమందికి డ్యూటీ రోస్టర్, లీవులు, హాజరు.
- గార్డ్ కమాండర్: షిఫ్ట్ సెక్యూరిటీ సూపర్‌వైజర్. గేటు, విజిటర్ రిజిస్టర్, వాహనాల తనిఖీ.
- లంగర్ కమాండర్: రోజుకు ఇంతమందికి మూడు పూటల భోజనం, సరుకు కొనుగోలు, శుభ్రత. దీన్ని చెప్పుకోవడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీల హాస్టళ్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి, అప్పుడు సిగ్గుపడండి.
- సెంటర్‌లో ఇన్‌స్ట్రక్టర్: ఇన్ని బ్యాచులకు, ఇంతమందికి ఈ విషయంలో శిక్షణ.

ఎస్‌కేటీలుగా, అంటే స్టోర్ కీపర్ టెక్నికల్‌గా చేసినవాళ్ల దగ్గర బంగారం ఉంటుంది, వాళ్లకే తెలీదు. లెడ్జర్, బిన్ కార్డు, ఇష్యూ వోచరు, వార్షిక స్టాక్ తనిఖీ: గోదాముల్లో వాడే మాటలు కూడా ఇవే కదా. వీటిని మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే రాయొచ్చు.

మార్చడం వేరు, ఉబ్బించడం వేరు. హవల్దార్ 'జనరల్ మేనేజర్ ఆపరేషన్స్' కాడు. పెద్ద కంపెనీల్లో సెక్యూరిటీ, అడ్మిన్ హెడ్లుగా రిటైర్డ్ మేజర్లు, కల్నళ్లు చాలామంది ఉంటారు. మీ కాగితం వాళ్ల చేతికే వెళ్తుంది. మీరు నాయక్‌గా ఉండి కంపెనీని, అంటే ఆర్మీ దళాన్ని, నడిపించానని రాస్తే, ఆయన చిన్నగా నవ్వి పక్కన పెడతాడు. నర్సింగ్ అసిస్టెంట్లు కూడా 'స్టాఫ్ నర్స్' అని రాసుకోవద్దు. దానికి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ర్యాంకు ఒక్కసారి రాసి, దాని పక్కన 'సూపర్‌వైజర్ స్థాయి' అనో 'టీమ్ లీడర్ స్థాయి' అనో ఒక మాట పెడితే చాలు.

నాలుగో మెట్టు: పేజీ మీద ఏది ఎక్కడ

రెండు పేజీలు దాటొద్దు. పదేళ్లలోపు సర్వీసైతే ఒక్క పేజీ.

పైన పేరు, ఫోను, ఊరు, మెయిల్. ఊరు ఎందుకంటే, ప్లాంటుకు రోజూ వచ్చి పోగలడా లేదా అన్నది మన దగ్గర మొదటి ప్రశ్న. మెయిల్ ఐడీ 'ఫౌజీకింగ్' అనో 'టైగర్' అనో ఉంటే పేరుతో కొత్తది తెరవండి. వాట్సాప్ ఫోటో కూడా ఒకసారి చూసుకోండి. తుపాకీ పట్టుకున్న ఫోటో తీసేయడం మంచిది.

దాని కింద మూడు లైన్ల పరిచయం. ముందు పని, తర్వాత ఏళ్లు, ఆ తర్వాత మీకు కావాల్సిన ఉద్యోగం. నాది ఇలా ఉంటుంది: "డీజిల్ ఇంజిన్లు, భారీ వాహనాలు, జనరేటర్ల మెయింటెనెన్స్‌లో 24 ఏళ్ల అనుభవం. 14 మంది మెకానిక్‌ల జట్టును నడిపాను. నెల్లూరు చుట్టుపక్కల ప్లాంట్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ ఉద్యోగం కోరుతున్నాను." ఆర్మీ అన్న మాట ఈ మూడు లైన్లలో లేదు చూశారా? కింద అనుభవంలో ఎటూ వస్తుంది. చదివే మనిషి ముందు మెకానిక్‌ను చూడాలి, తర్వాత ఫౌజీని.

తర్వాత అనుభవం, కొత్తది పైన. పోస్టింగుల వారీగా కాకుండా పనుల వారీగా రెండు మూడు భాగాలు చేయండి. 24 ఏళ్లలో ఎనిమిది పోస్టింగులు ఉంటే ఎనిమిది ఉద్యోగాలు మారినట్టు కనిపిస్తుంది, అది నష్టం.

సర్వీసు ముగిసిన కారణం ఒక్క లైన్లో తప్పకుండా రాయండి. బయటివాళ్ల లెక్కలో రిటైర్మెంటంటే 60 దగ్గర. 37 ఏళ్లకు రిటైరయ్యానంటే, ఏదో చేసి ఉంటాడు, తీసేసి ఉంటారు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 'నిర్ణీత సర్వీసు కాలం పూర్తి చేసుకుని డిశ్చార్జి' అని, డిశ్చార్జి బుక్‌లో ఉన్న ప్రవర్తన గ్రేడు, ఉదాహరణకు 'ఎగ్జెంప్లరీ' అని ఉంటే అదీ రాయండి. అది ఏ పొగడ్త కన్నా బరువైన మాట. సొంత కోరిక మీద వచ్చేసినవాళ్లు అదే రాయాలి. అందులో తప్పేమీ లేదు.

మెడల్స్‌కు ఒక్క లైను. సర్వీసు కాలాన్ని బట్టి, పోస్టింగ్ ప్రాంతాన్ని బట్టి అందరికీ వచ్చేవి విడివిడిగా రాయక్కర్లేదు. కమెండేషన్ కార్డు వచ్చి ఉంటే మాత్రం ఏ పనికి వచ్చిందో రాయండి.

నాన్న పేరు, మతం, కులం, పెళ్లి, బరువు, ప్రమాణం: ఇవేవీ వద్దు. అయితే మన ప్రాంతంలో చిన్న రొయ్యల ప్లాంట్లలో, క్వారీల్లో "బయోడేటా తెచ్చావా?" అనే అడుగుతారు. ఆ పాత పద్ధతిది కూడా ఒక పేజీ విడిగా ఉంచుకోండి. అడిగితే ఇవ్వండి, రెజ్యూమెతో కలిపి కుట్టొద్దు.

ఐదో మెట్టు: ఏ గేటుకు ఏ కాగితం

ఒకే రెజ్యూమె అందరికీ ఇస్తే ఎవరికీ ఇచ్చినట్టు కాదు. అనుభవం మారదు గానీ, ఏది పైకి రావాలో మారుతుంది.

కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ కేంద్రం, అక్కడి నూనె శుద్ధి కర్మాగారాలు: ఈ వైపు వెళ్తే సేఫ్టీ, షిఫ్టు పని, భారీ వాహనాలు, క్రేన్లు పైన ఉండాలి. కాంట్రాక్టు కంపెనీల ద్వారా తీసుకునేవి ఎక్కువ. ఏ కాంట్రాక్టరు ఏ పని చేస్తున్నాడో కనుక్కుని అతని ఆఫీసుకు వెళ్లడం మేలు, మెయిన్ గేటు దగ్గర కాగితం ఇస్తే అది గేటు దగ్గరే ఉంటుంది.

చీమకుర్తి గ్రానైట్ వైపు వెళ్లేవాళ్లలో ఆర్మీ ఇంజనీర్స్ విభాగంలో ఎక్స్‌కవేటర్లు నడిపినవాళ్లకు, కంప్రెసర్లు, హైడ్రాలిక్స్ తెలిసిన మెకానిక్‌లకు మంచి గిరాకీ. ఒక్క విషయం. ఆర్మీలో డిమోలిషన్ (పేలుడు పదార్థాలతో కూల్చే పని) చేశాను కాబట్టి క్వారీలో బ్లాస్టింగ్ చేస్తానంటే కుదరదు. గనుల్లో మేట్, ఫోర్‌మన్, బ్లాస్టర్ పనులకు గనుల భద్రతా శాఖ సర్టిఫికెట్లు కావాలి. ఆ పరీక్షకు సిద్ధమవుతుంటే 'సిద్ధమవుతున్నాను' అని రాయండి, అది కూడా లెక్కలోకి వస్తుంది.

రొయ్యల ప్రాసెసింగ్, మేత మిల్లుల్లో మెకానిక్, ఎలక్ట్రీషియన్, జనరేటర్, కూలింగ్ పనులకు ఎప్పుడూ మనుషులు కావాలి. ఇక్కడ సూపర్‌వైజర్ ఉద్యోగం అడిగితే ఒకటి గుర్తుంచుకోండి. ప్రాసెసింగ్ ప్లాంట్లలో లైను మీద పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. 'కఠిన క్రమశిక్షణ అమలు చేశాను' అన్న లైను చూసి యజమాని భయపడతాడు, రేపు సగంమంది పని మానేస్తారేమోనని. 'వేర్వేరు రాష్ట్రాల, భాషల మనుషులతో జట్టుగా పని చేయించాను' అని రాయండి. నిజానికి మీరు చేసింది అదే.

సెక్యూరిటీ ఉద్యోగం చిన్నదని నేననను. కానీ చేతిలో ట్రేడు ఉన్నవాడు అలవాటు కొద్దీ గేటు దగ్గర కూర్చోవడం చూస్తే నాకు కడుపు మండుతుంది. వెళ్లదలిస్తే సూపర్‌వైజర్‌గా వెళ్లండి. గార్డుగా చేరితే పైకి రావడానికి ఏళ్లు పడుతుంది.

ప్రభుత్వ ఉద్యోగాలకు రెజ్యూమెతో పని లేదు, దరఖాస్తు ఫారమే. కేంద్ర గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం రిజర్వేషన్ ఉంది. అసలు వయసులోంచి సర్వీసు కాలం తీసేస్తే వచ్చే వయసు, గరిష్ఠ పరిమితిని మూడేళ్లకు మించి దాటకూడదు. నాలుగైదు పోస్టులకు దరఖాస్తు పెట్టి ఒకదానిలో చేరుతున్నప్పుడు, మిగతా దరఖాస్తుల వివరాలు తేదీలతో సహా చేరిన ఆఫీసులో రాసివ్వండి. లేకపోతే తర్వాత వాటికి ఆ కోటా వర్తించకుండా పోతుంది.

అగ్నివీరులకు రెండు మాటలు

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరి నాలుగేళ్లు పూర్తి చేసినవాళ్లలో 25 శాతం దాకా కొనసాగుతారు, మిగతావాళ్లు సేవానిధి అనే ఏకమొత్తం డబ్బుతో బయటికొస్తారు. మీకు మాజీ సైనికుల హోదా, పింఛను లేవు. కాబట్టి రెజ్యూమెలో 'ఎక్స్ సర్వీస్‌మన్' అని రాయొద్దు, 'అగ్నివీర్, నాలుగేళ్ల నిర్ణీత కాలం పూర్తి' అని రాయండి. కొనసాగించలేదేమని అడిగితే, పథకంలో అంతమందికే అవకాశమని మామూలుగా చెప్పండి, సంజాయిషీ ఇచ్చుకున్నట్టు కాదు. మీకు 22, 23 ఏళ్లు. 35 ఏళ్ల అనుభవజ్ఞుడిలా కనిపించే ప్రయత్నం చేయకుండా, నేర్చుకున్న పని, వచ్చిన స్కిల్ సర్టిఫికెట్ పైన పెట్టండి.

ఆరో మెట్టు: రాయకూడనివి

ఏ ప్రాంతంలో ఏ యూనిట్, ఎంతమంది, ఏ ఆయుధం, ఏ ఆపరేషన్: ఇవేవీ రెజ్యూమెలోకి రాకూడదు. అధికార రహస్యాల చట్టం డిశ్చార్జితో మనల్ని వదిలిపెట్టదు. 'ఉత్తర సరిహద్దు ప్రాంతం', 'ఎత్తైన ప్రాంతం' అంటే సరిపోతుంది. మీ కింద పనిచేసినవాళ్ల సంఖ్య, చూసుకున్న బండ్ల సంఖ్య దాకా మాత్రమే వెళ్లండి.

ఆర్మీ నంబరు, పీపీఓ (పింఛను ఉత్తర్వు) నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా కూడా వద్దు. ఉద్యోగాల వెబ్‌సైట్లో పెట్టిన రెజ్యూమె ఎంతమంది చేతుల్లోకి పోతుందో మనకు తెలీదు. 'మాజీ సైనికులకు నేరుగా ఉద్యోగం, రిజిస్ట్రేషన్ ఫీజు 2,500' అని ఫోను చేసేవాళ్లకు ఈ వివరాలే కావాలి. డబ్బు అడిగినవాడు ఉద్యోగం ఇవ్వడు.

పింఛను ఎంతో కూడా రాయొద్దు. ఇంటర్వ్యూలో అడుగుతారు, చాలాచోట్ల అడుగుతారు. "పింఛను వస్తుంది గదా, ఇది చాలదా?" అని. నన్నూ అడిగారు. "పింఛను చేసేసిన పనికి సార్, జీతం చేయబోయే పనికి" అన్నాను. ఆయన నవ్వి ఇంకో రెండు వేలు పెంచాడు. మీకు పెంచుతారని మాటివ్వలేను.

ఏడో మెట్టు: టైపింగు, ఆపై చుట్లు

ఇప్పుడు నోటు పుస్తకాన్ని ఇంగ్లిషులోకి మార్చండి. చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు. ఏఐ యాప్‌ల సాయం తీసుకోవచ్చు. కానీ 'ఆర్మీ డ్రైవరుకు రెజ్యూమె రాయి' అని అడిగితే అది 'డైనమిక్, రిజల్ట్ ఓరియెంటెడ్ ప్రొఫెషనల్' అని మొదలుపెడుతుంది. ఒకే నెలలో నా దగ్గరికి అలాంటివి మూడు వచ్చాయి, ముగ్గురి పేర్లు మారిస్తే ఒకటే కాగితం. మీ నోటు పుస్తకంలోని లైన్లు ఇచ్చి, వీటిని సులువైన ఇంగ్లిషులోకి మార్చు, కొత్తవేమీ కలపొద్దు అని చెప్పండి. తర్వాత అంకెలన్నీ మళ్లీ సరిచూసుకోండి.

గళ్లు, బాక్సులు, రంగులు, రెండు వరసల డిజైన్లు వద్దు. ఆన్‌లైన్లో పెట్టినప్పుడు ముందు చదివేది సాఫ్ట్‌వేరే, అది వాటిలో తికమక పడుతుంది. ఉద్యోగ ప్రకటనలో ఏ మాట వాడారో, ఆ పని మీరు చేసి ఉంటే, అదే మాట వాడండి. పీడీఎఫ్ చేసి, ఫైలుకు మీ పేరు, పని పేరు పెట్టండి. 'న్యూ రెజ్యూమె ఫైనల్ 3' అని పంపితే వాళ్ల కంప్యూటర్లో అలాంటివి యాభై ఉంటాయి.

ఆ తర్వాత దాన్ని ప్రింటు తీసి, ఆర్మీ గురించి ఏమీ తెలియని ఒక మనిషికి ఇవ్వండి. నా రెండో రెజ్యూమెను ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి ఇచ్చాను. "అర్థం కాని మాటకల్లా చుట్టు పెట్టమ్మా" అని ఎర్ర పెన్ను ఇచ్చాను. అప్పటికి నేను చాలా బాగా మార్చాననుకుంటున్నాను. రెండు పేజీల మీద 31 చుట్లు పెట్టింది. 'ఎల్ఏడీ', 'క్యాడర్', 'ఫీల్డ్', 'పీస్'... 'ఫీల్డ్' అంటే పొలంలో పనిచేశావా నాన్నా అని అడిగింది. ఒక్కో చుట్టు మీద కూర్చుని, అది ఆమెకు నోటితో ఎలా విడమరిచి చెప్పానో అదే మాట కాగితం మీద రాశాను. మూడోసారికి నాలుగు చుట్లే మిగిలాయి, వాటిలో రెండు నిజంగా మెకానిక్ మాటలు, అవి ఉంచేశాను.

భార్యకో, తమ్ముడికో, పక్కింటి డిగ్రీ కుర్రాడికో ఇవ్వండి. ఇంకో ఫౌజీకి మాత్రం ఇవ్వొద్దు. అతనికి అన్నీ అర్థమవుతాయి.

చివరి మెట్టు: చేతికిచ్చేటప్పుడు

వీలైన చోట మనిషిగా వెళ్లి ఇవ్వండి. మన ఊళ్లలో ఇప్పటికీ అదే ఎక్కువ పనిచేస్తుంది. ఎవరికిచ్చారో పేరు, తేదీ అదే నోటు పుస్తకం వెనక పేజీల్లో రాసుకోండి. వారం తర్వాత ఒక్కసారి ఫోను చేయండి. రోజూ చేయొద్దు. ఇంటర్వ్యూలో ప్రతి మాటకూ అటెన్షన్‌లోకి వచ్చేసి 'సర్' అనక్కర్లేదు. కూర్చోమంటే కూర్చోండి.

జెరాక్సులు రెండు సెట్లు తీసుకెళ్లండి. ఒరిజినల్ డిశ్చార్జి బుక్‌ను వెరిఫికేషన్‌కు పిలిచిన రోజు తప్ప బీరువాలోంచి తీయొద్దు. ఆ రోజు కూడా చూపించి, మీ ఎదుటే సరిచూసుకోమని, వెనక్కి తెచ్చేసుకోండి. "ఒరిజినల్ మా దగ్గర ఉంచండి, మూడు నెలలయ్యాక ఇస్తాం" అన్న చోట జీతం ఎంత చెప్పినా చేరకండి.